వాచ్‌లో ఆక్సిజన్ 98 శాతం.. మరి ఆయాసం ఎందుకు? మహిళా రోయర్ల ట్రైనింగ్ చెప్పే అసలు లెక్క

ముందుగా రెండు టైమింగ్స్ చూడండి.

7 నిమిషాల 13.97 సెకన్లు. టోక్యో ఒలింపిక్స్‌లో, 2021 జూలైలో, న్యూజిలాండ్ రోయర్ ఎమ్మా ట్విగ్ మహిళల సింగిల్ స్కల్స్ గోల్డ్ కొట్టిన టైమ్ ఇది. ఒక్కతే పడవలో కూర్చుని, రెండు తెడ్లతో 2000 మీటర్లు.

7 నిమిషాల 15 సెకన్లు. తెలంగాణ పోలీస్ కానిస్టేబుల్ 2022 నోటిఫికేషన్‌లో మగవాళ్లు 1600 మీటర్ల పరుగును పూర్తి చేయాల్సిన టైమ్ ఇది. ఆడవాళ్లకైతే 800 మీటర్లు, 5 నిమిషాల 20 సెకన్లు.

ఒలింపిక్ ఛాంపియన్‌కూ, పొద్దున్నే జనగామలోనో, మహబూబాబాద్‌లోనో, భూపాలపల్లిలోనో కాలేజీ గ్రౌండ్ చుట్టూ తిరిగే మన పిల్లలకూ పోలికేంటి అనిపించొచ్చు. స్పీడ్‌లో పోలికే లేదు. కానీ శరీరం లోపల నడిచే ఇంజిన్ మాత్రం ఒకటే. ఐదు నుంచి ఏడు నిమిషాల పాటు ఫుల్ ఎఫర్ట్ పెడితే, కావాల్సిన ఎనర్జీలో దాదాపు 70 నుంచి 80 శాతం ఆక్సిజన్ వాడుకునే ఏరోబిక్ సిస్టమ్ నుంచే వస్తుంది. అంటే ఇది కాళ్ల బలం పరీక్ష కంటే ఎక్కువగా గుండె, ఊపిరితిత్తులు, రక్తం పరీక్ష.

ఆ ఇంజిన్‌ని కొలుస్తామని చెప్పే గ్యాడ్జెట్లనే మనం రోజూ రివ్యూ చేస్తుంటాం. హార్ట్ రేట్ జోన్లు, వీఓ2 మ్యాక్స్, ఎస్‌పీఓ2, రికవరీ స్కోర్.. వీటిలో ఏది నమ్మాలి, ఏది నమ్మకూడదు? దీనికి జవాబు నేను స్పెక్ షీట్‌లో కాదు, మా ఇంట్లోనే, కాస్త ఆలస్యంగా నేర్చుకున్నాను. ఆ కథ చెప్పే ముందు అసలు ఇంజిన్ ఎలా పనిచేస్తుందో చూద్దాం.

రోయింగే ఎందుకు?

ఏరోబిక్ ట్రైనింగ్ గురించి తెలుసుకోవాలంటే రోయర్లే మంచి ఉదాహరణ. కాళ్లు, నడుము, వీపు, చేతులు అన్నీ ఒకేసారి పనిచేస్తాయి కాబట్టి అన్ని కండరాలూ ఒకేసారి ఆక్సిజన్ అడుగుతాయి. సర్వర్ మీద ఫుల్ లోడ్ టెస్ట్ పెట్టినట్టు అన్నమాట.

మహిళల రోయింగ్ ఒలింపిక్స్‌లోకి వచ్చిందే 1976 మాంట్రియల్‌లో. అప్పుడు ఆడవాళ్లకు 1000 మీటర్లే పెట్టారు. 1988 సియోల్ నుంచి మగవాళ్లతో సమానంగా 2000 మీటర్లు. దూరం రెట్టింపు కావడంతో ఆట స్వభావమే మారింది. మూడున్నర నిమిషాల రేసులో పవర్‌తో ఎంతో కొంత లాక్కురావచ్చు. ఏడు నిమిషాల రేసులో ఆక్సిజన్ ఇంజిన్ లేకపోతే మధ్యలోనే ఆగిపోతారు.

మన దేశం విషయానికి వస్తే, 2010 గ్వాంగ్జౌ ఏషియన్ గేమ్స్‌లో ఒడిశాకు చెందిన ప్రతిమా పుహానా, ప్రమీలా ప్రవా మింజ్ జంట మహిళల పెయిర్ ఈవెంట్‌లో బ్రాంజ్ గెలిచింది. 2023లో జరిగిన హాంగ్జౌ ఏషియన్ గేమ్స్‌లో ఇండియాకు రోయింగ్‌లో ఐదు మెడల్స్ వచ్చాయి. ఐదూ మగవాళ్లవే.

ఇక మన పక్కనే చూస్తే, వరంగల్ జిల్లా పర్వతగిరి మండలం కల్లెడ నుంచి వచ్చిన జీవన్‌జీ దీప్తి 2024 మేలో జపాన్‌లోని కోబెలో టీ20 కేటగిరీ 400 మీటర్లను 55.07 సెకన్లలో పూర్తి చేసింది. అప్పటికి అదే ప్రపంచ రికార్డు. అదే ఏడాది పారిస్ పారాలింపిక్స్‌లో బ్రాంజ్ కూడా తెచ్చింది. ఒక నిమిషం కూడా పట్టని ఆ 400 మీటర్లలోనూ ఏరోబిక్ సిస్టమ్ వాటా చిన్నదేం కాదు, సుమారు 40 శాతం ఉంటుంది. ఇక ఐదు నిమిషాల 800 మీటర్లకు దాని అవసరం ఎంతో మీరే ఊహించుకోండి.

టైమ్ 20 శాతం తగ్గాలంటే పవర్ డబుల్

రోయర్లు నీళ్ల మీద ఎంత ప్రాక్టీస్ చేస్తారో, రోయింగ్ మెషీన్ మీద కూడా అంతే చెమట కారుస్తారు. ఎక్కువ మంది వాడేది అమెరికన్ కంపెనీ కాన్సెప్ట్2 తయారుచేసే మెషీన్. దాని పీఎం5 మానిటర్ బ్లూటూత్‌తో ఫోన్‌కి కనెక్ట్ అవుతుంది, హార్ట్ రేట్ బెల్ట్ డేటా కూడా తీసుకుంటుంది.

ఈ మెషీన్‌లో నాకు బాగా నచ్చింది దాని లెక్క దాచిపెట్టకపోవడం. ఒక మీటర్‌కు ఎన్ని సెకన్లు పట్టిందో తీసుకుని, దాన్ని క్యూబ్ చేసి, 2.80ని ఆ సంఖ్యతో భాగిస్తే వాట్స్ వచ్చేస్తాయి. అంతే. ఏ సీక్రెట్ అల్గారిథమ్ లేదు.

2000 మీటర్లు 8 నిమిషాల్లో లాగారనుకోండి. మీటర్‌కు 0.24 సెకన్లు. లెక్క వేస్తే సుమారు 202 వాట్స్. 2021లో అమెరికన్ రోయర్ బ్రూక్ మూనీ ఇదే దూరాన్ని 6 నిమిషాల 21.1 సెకన్లలో లాగి ప్రపంచ రికార్డు పెట్టింది. అదే ఫార్ములా వాడితే సుమారు 405 వాట్స్! టైమ్ 20 శాతం చిల్లర తగ్గింది, పవర్ మాత్రం సరిగ్గా రెండింతలు అయ్యింది. క్యూబ్ లెక్క అంటే ఇదే. చివరి కొన్ని సెకన్లు తగ్గించడానికి ఎలైట్ రోయర్లు ఏళ్ల తరబడి ఎందుకు కష్టపడతారో ఇక్కడే తెలుస్తుంది.

ఇంజిన్ లోపల ఏం మారుతుంది?

వీఓ2 మ్యాక్స్ అంటే శరీరం ఒక నిమిషంలో గరిష్ఠంగా వాడుకోగల ఆక్సిజన్. దీన్ని రెండు భాగాలుగా చూడొచ్చు. ఒకటి, గుండె నిమిషానికి ఎన్ని లీటర్ల రక్తం పంపుతోంది. రెండు, ఆ రక్తం నుంచి కండరాలు ఎంత ఆక్సిజన్ తీసుకుంటున్నాయి. రెండింటినీ గుణిస్తే వచ్చేదే వీఓ2.

ఒక రఫ్ లెక్క చూద్దాం. ట్రైనింగ్ లేని ఒక అమ్మాయి గుండె నిమిషానికి 190 సార్లు కొట్టుకుంటూ, ఒక్కో బీట్‌కు 90 మిల్లీలీటర్లు పంపుతోందనుకుందాం. నిమిషానికి 17 లీటర్లు. ప్రతి లీటర్ నుంచి 130 మిల్లీలీటర్ల ఆక్సిజన్ వాడుకుంటే మొత్తం 2.2 లీటర్లు.

ఇప్పుడు ఎలైట్ రోయర్. గరిష్ఠ హార్ట్ రేట్ అదే 190. కానీ బీట్‌కు 130 మిల్లీలీటర్లు. నిమిషానికి దాదాపు 25 లీటర్లు. లీటర్‌కు 160 మిల్లీలీటర్లు వాడుకుంటే మొత్తం దాదాపు 4 లీటర్లు. ఎలైట్ మహిళా రోయర్లలో కనిపించే స్థాయి ఇదే.

గమనించారా? మ్యాక్స్ హార్ట్ రేట్ మారలేదు. ట్రైనింగ్‌తో అది పెరగదు. ప్రాసెసర్ భాషలో చెప్పాలంటే, క్లాక్ స్పీడ్ అదే, ఒక్కో సైకిల్‌లో జరిగే పని పెరిగింది.

ఈ మార్పులు ఒక్క రోజులో రావు, అన్నీ ఒకేసారి కూడా రావు.

మొదటి రెండు వారాల్లో రక్తంలోని ప్లాస్మా పెరుగుతుంది. దాంతో గుండె బాగా నిండి, ఒక్కో బీట్‌కు ఎక్కువ రక్తం పంపుతుంది. కొత్తగా రన్నింగ్ మొదలుపెట్టినవాళ్లకు కొద్ది రోజుల్లోనే "పర్లేదు, ఈజీగా ఉందే" అనిపించడానికి ఇదొక కారణం.

తర్వాతి వారాల్లో కండరాల కణాల్లో మైటోకాండ్రియా పెరుగుతాయి, ఎనర్జీ తయారయ్యేది అక్కడే. కండరాల చుట్టూ సన్నని రక్తనాళాలు కూడా పెరుగుతాయి. దీంతో అదే స్పీడ్‌లో లాక్టేట్ తక్కువగా పేరుకుంటుంది.

ఇక నెలలు, ఏళ్లు గడిచేకొద్దీ గుండె ఆకారమే మారుతుంది. ఎడమ జఠరిక పెద్దదవుతుంది. రోయింగ్‌లో పరుగు లాంటి ఎండ్యూరెన్స్, బరువులెత్తడం లాంటి ప్రెషర్ రెండూ కలిసి ఉంటాయి కాబట్టి, రోయర్లలో గది పెద్దదవడంతో పాటు గోడలు కూడా కాస్త మందమవుతాయి. రెస్టింగ్ హార్ట్ రేట్ 50 దగ్గరకో, ఇంకా కిందకో దిగడానికి కారణం ఇదే.

80 శాతం మెల్లగా

ఇంత పెద్ద ఇంజిన్ తయారవ్వాలంటే రోజూ ప్రాణం పోయేలా లాగాలి అనుకుంటాం కదా. నిజం దానికి రివర్స్‌లో ఉంటుంది.

నార్వేలో పనిచేసే స్పోర్ట్స్ సైంటిస్ట్ స్టీఫెన్ సైలర్ ఎండ్యూరెన్స్ అథ్లెట్ల ట్రైనింగ్ డైరీలను పరిశీలించి గమనించింది ఏంటంటే, టాప్ అథ్లెట్లు చేసే సెషన్లలో దాదాపు 80 శాతం తక్కువ ఇంటెన్సిటీవే. నార్వే రోయర్ల విషయంలో 1970 నుంచి 2001 వరకు డేటా చూస్తే, కాలం గడిచేకొద్దీ మెల్లగా చేసే ట్రైనింగ్ గంటలు పెరిగాయి, రేస్ స్పీడ్‌ను మించి చేసే ట్రైనింగ్ తగ్గింది. దాంతో పాటే వీఓ2 మ్యాక్స్ పెరిగింది.

రోయర్లు దీన్ని స్టెడీ స్టేట్ అంటారు. రేసులో నిమిషానికి 34 నుంచి 38 స్ట్రోక్స్ వేసేవాళ్లు, ఇక్కడ 18 నుంచి 20తో గంటకు పైగా లాగుతూనే ఉంటారు. రక్తంలో లాక్టేట్ లీటర్‌కు 2 మిల్లీమోల్స్ దాటకుండా చూసుకుంటారు. కోచ్ చెవి నుంచో వేలి నుంచో చుక్క రక్తం తీసి చెక్ చేస్తాడు. మిగిలిన 20 శాతం మాత్రం నిజంగానే నరకం. నాలుగు నిమిషాల ఇంటర్వెల్స్, రేస్ స్పీడ్ పీసెస్ లాంటివి.

మన దగ్గర జరిగేది సరిగ్గా దీనికి వ్యతిరేకం. నోటిఫికేషన్ వస్తుందన్న వార్త వినగానే రోజూ స్టాప్‌వాచ్ పట్టుకుని 800 మీటర్లు ఫుల్ స్పీడ్‌లో ఉరకడం. రోజూ ఎగ్జామ్ రాస్తే సిలబస్ ఎప్పుడు చదువుతాం? ఇదీ అంతే.

జోన్ల లెక్క ఆడవాళ్లకు ఎక్కడ తప్పుతుంది?

సరే, మెల్లగా అంటే ఎంత మెల్లగా? ఇక్కడే వాచ్ ఎంటర్ అవుతుంది. చాలా బడ్జెట్ వాచ్‌లు ఇప్పటికీ 220 నుంచి వయసు తీసేసి మ్యాక్స్ హార్ట్ రేట్ అనుకుంటాయి. 22 ఏళ్ల అమ్మాయికి 198.

2001లో వచ్చిన తనాకా ఫార్ములా ప్రకారం 208 నుంచి వయసులో 0.7 వంతు తీసేయాలి. అలా చేస్తే 193. 2010లో ఆడవాళ్ల డేటాతోనే చేసిన గులాటి ఫార్ములాలో 206 నుంచి వయసుకు 0.88 రెట్లు తీసేస్తారు. దాని ప్రకారం 187. అయితే ఆ డేటా 35 ఏళ్లు, ఆపైన ఉన్నవాళ్లది, కాబట్టి 22 ఏళ్లకు దాన్ని గుడ్డిగా వాడకూడదు.

మొత్తానికి ఒకే మనిషికి మూడు ఫార్ములాలు మూడు నంబర్లు చెప్తున్నాయి. 70 శాతం దగ్గర ఈజీ జోన్ ముగుస్తుందనుకుంటే, ఒక లెక్కలో 139, ఇంకో లెక్కలో 131. వాచ్ "ఈజీ" అని గ్రీన్ చూపిస్తున్నప్పుడు మీరు నిజానికి మీడియం జోన్‌లో ఉండొచ్చు. ఫార్ములాలన్నీ సగటు లెక్కలే, మనిషి మనిషికీ పది బీట్స్ తేడా మామూలే.

ఖర్చు లేని పరీక్ష ఒకటుంది. పరిగెత్తుతూ పక్కవాళ్లతో పూర్తి వాక్యాలు మాట్లాడగలిగితే అది ఈజీ. మాటలు ముక్కలు ముక్కలుగా వస్తుంటే కాదు.

మణికట్టు మీద సెన్సర్ కష్టాలు

వాచ్ వెనక వెలిగే గ్రీన్ ఎల్ఈడీ గురించి మీకు తెలిసిందే. కాంతి చర్మంలోకి వెళ్లి తిరిగి వస్తుంది, రక్తం వచ్చిపోయే కొద్దీ ఆ కాంతి మారుతుంది, దాన్ని లెక్కపెట్టి హార్ట్ రేట్ చెప్తుంది. కూర్చున్నప్పుడు, నిద్రలో ఇది బాగానే పనిచేస్తుంది. పరిగెత్తేటప్పుడు రెండు సమస్యలు వస్తాయి.

మొదటిది, స్ట్రాప్ లూజ్‌గా ఉంటే వాచ్ ఊగుతుంది, బయటి వెలుతురు లోపలికి వస్తుంది. రెండోది, అడుగుల రిథమ్‌నే గుండె రిథమ్ అనుకోవడం. నిమిషానికి 170 అడుగులు వేస్తుంటే హార్ట్ రేట్ కూడా 170 దగ్గరే అతుక్కుపోయి కనిపిస్తుంది. రోయింగ్‌లో ఇంకా కష్టం. హ్యాండిల్ గట్టిగా పట్టుకోవడం, మణికట్టు వంగడం, స్నాయువులు కదలడం వల్ల సిగ్నల్ చెడిపోతుంది. అందుకే రోయర్లు ఛాతీకి కట్టుకునే బెల్ట్ వాడతారు. అది గుండె ఎలక్ట్రికల్ సిగ్నల్‌నే చదువుతుంది. ఫిన్లాండ్ కంపెనీ పోలార్ 1982లోనే వైర్‌లెస్ హార్ట్ రేట్ మానిటర్ తెచ్చింది. నలభై ఏళ్లు దాటినా సీరియస్ అథ్లెట్లకు ఛాతీ బెల్టే మొదటి ఛాయిస్.

వాచ్ చెప్పే వీఓ2 మ్యాక్స్ కూడా నేరుగా కొలిచింది కాదు. ల్యాబ్‌లో అయితే మాస్క్ పెట్టి, పీల్చే, వదిలే గాలిని కొలుస్తారు. వాచ్ మాత్రం "ఈ స్పీడ్‌కు ఈ హార్ట్ రేట్ ఉంది కాబట్టి ఇంత ఉండొచ్చు" అని అంచనా వేస్తుంది. హార్ట్ రేట్ తప్పైతే, మ్యాక్స్ హార్ట్ రేట్ తప్పైతే, జీపీఎస్ తప్పైతే, అంచనా కూడా తప్పే. నెలల తరబడి ట్రెండ్ చూడటానికి పనికొస్తుంది, ఒక్క రోజు నంబర్ పట్టుకుని సంబరపడటానికి కాదు.

ఇక అసలు కథ

మా పిన్ని వాళ్లది జనగామ. చెల్లి కానిస్టేబుల్ జాబ్‌కు ప్రిపేర్ అవుతోంది. రాత పరీక్ష మీద భయం లేదు, 800 మీటర్ల మీదే భయం. నేను గ్యాడ్జెట్ల పిచ్చోణ్ని కదా, ఒక స్మార్ట్‌వాచ్ కొనిచ్చి, రోయర్ల కథ మొత్తం చెప్పి, "రోజూ మెల్లగా ఉరుకు, డేటా నేను చూస్కుంటా" అన్నాను. యాప్‌లో షేరింగ్ ఆన్ చేసి హైదరాబాద్‌లో కూర్చుని గ్రాఫ్‌లు చూసేవాణ్ని.

నాలుగు వారాలు గడిచినా హార్ట్ రేట్ దిగలేదు. జాగింగ్‌లోనే 170 దాటేది. ఫోన్ చేస్తే, "అన్నా, నడిసినట్టే ఉరుకుతున్న. అయినా వాచ్ ఎర్రగనే సూపిస్తున్నది" అనేది. సెన్సర్ ఎర్రర్ అనుకుని స్ట్రాప్ టైట్ చేయమన్నాను. ఫర్మ్‌వేర్ అప్‌డేట్ చేయించాను. చివరికి ఛాతీ బెల్ట్ కూడా పంపాను. అదే రీడింగ్. ఆక్సిజన్ చూడమంటే ఎప్పుడూ 98 శాతం. "ఆక్సిజన్ ఫుల్లుగా ఉంది, నువ్వే భయపడుతున్నవ్" అని నేనే చెప్పాను. ఇప్పుడు తలుచుకుంటే సిగ్గేస్తుంది.

ఆరో వారంలో జనగామ వెళ్లి గ్రాఫ్‌లు చూపిస్తుంటే పిన్ని మధ్యలోనే ఆపేసింది. "గడియారం సంగతి తర్వాత సూద్దువు గానీ బిడ్డా, ముందు దాని కండ్లు సూడు, తెల్లగ పాలిపోయినయ్. రక్తం పరీక్ష చేపియ్యి" అంది.

చేయించాం. హిమోగ్లోబిన్ 9.

98 శాతం ఎలా తప్పుదారి పట్టించింది?

నిజానికి వాచ్ అబద్ధం చెప్పలేదు. నేనే తప్పు ప్రశ్న అడిగాను.

ఆర్టీసీ బస్సులతో చెప్తాను. జనగామ నుంచి హైదరాబాద్‌కు పది బస్సులు, ప్రతి బస్సులో 98 శాతం సీట్లు నిండాయి. ఇప్పుడు బస్సులు ఏడే ఉన్నాయి, వాటిలోనూ 98 శాతం సీట్లు నిండాయి. సీట్లు నిండిన శాతం ఒకటే. కానీ హైదరాబాద్ చేరినవాళ్లు తగ్గారు కదా. ఎస్‌పీఓ2 చెప్పేది నిండిన సీట్ల శాతం. హిమోగ్లోబిన్ అంటే బస్సుల సంఖ్య.

నంబర్లలో చూద్దాం. ఒక గ్రాము హిమోగ్లోబిన్ దాదాపు 1.34 మిల్లీలీటర్ల ఆక్సిజన్ మోస్తుంది. హిమోగ్లోబిన్ 13, ఎస్‌పీఓ2 98 శాతం అయితే ప్రతి 100 మిల్లీలీటర్ల రక్తంలో సుమారు 17 మిల్లీలీటర్ల ఆక్సిజన్. హిమోగ్లోబిన్ 9 అయితే అదే 98 శాతానికి 11.8 మిల్లీలీటర్లే. దాదాపు మూడో వంతు తక్కువ. పైన ఎలైట్ రోయర్ లెక్కలో లీటర్‌కు 160 మిల్లీలీటర్లు వాడుకుంటుందని చెప్పాను కదా. ఇక్కడ లీటర్ రక్తంలో ఉన్నదే 118. లేనిది ఎక్కడి నుంచి తీస్తుంది? గుండె ఆ లోటు పూడ్చడానికి స్పీడ్ పెంచుతుంది. జాగింగ్‌లో 170 అందుకే.

ఇది సెన్సర్ డిజైన్‌లోనే ఉన్న పరిమితి. 1972లో జపాన్ ఇంజినీర్ తకువో అవోయాగి పల్స్ ఆక్సిమీటర్ ఐడియా కనిపెట్టినప్పటి నుంచీ సూత్రం ఒకటే. ఎరుపు, ఇన్‌ఫ్రారెడ్ కాంతులు ఎంతెంత శోషించుకుంటున్నాయో చూసి, రెండింటి నిష్పత్తి తీసుకుంటుంది. నిష్పత్తి తీసుకోగానే మొత్తం ఎంత ఉందన్న సమాచారం లెక్క నుంచి పోతుంది. అందుకే పదిసార్లు అప్‌డేట్ చేసినా ఎస్‌పీఓ2 రీడింగ్ రక్తహీనతను చూపించదు.

ఇది మా ఒక్క ఇంటి సమస్య కూడా కాదు. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ఐదో విడత ప్రకారం దేశంలో 15 నుంచి 49 ఏళ్ల ఆడవాళ్లలో 57 శాతం మందికి రక్తహీనత ఉంది. తెలంగాణలోనూ పరిస్థితి అంతే, సగానికి పైనే. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్కలో గర్భిణులు కాని ఆడవాళ్లకు 12 కంటే తక్కువ ఉంటే రక్తహీనత. అంటే గ్రౌండ్‌లో పరిగెత్తే ప్రతి ఇద్దరిలో ఒకరు తనకు తెలియకుండానే తక్కువ బస్సులతో రేసుకు వస్తున్నారేమో. "ప్రాక్టీస్ చాలట్లేదు" అని తిట్లు మాత్రం పడుతున్నారు.

ఎలైట్ మహిళా అథ్లెట్లకు ఐరన్ టెస్టులు రొటీన్‌గా చేయిస్తారు. హిమోగ్లోబిన్ ఒక్కటే కాదు, శరీరంలో ఐరన్ నిల్వ చెప్పే ఫెర్రిటిన్ కూడా. పీరియడ్స్‌లో రక్తం పోవడం, చెమట, పరుగులో పాదాల కింద ఎర్ర రక్తకణాలు దెబ్బతినడం, కష్టమైన సెషన్ తర్వాత కొన్ని గంటలు పేగులు ఐరన్‌ను తక్కువగా తీసుకోవడం.. ఇవన్నీ కలుస్తాయి. అందుకే ఫెర్రిటిన్ పడిపోతున్నప్పుడే పట్టుకుంటారు, హిమోగ్లోబిన్ పడేదాకా ఆగరు.

తిండి తగ్గిస్తే ఇంజిన్ ఆగుతుంది

ఇంకో విషయం కూడా చెప్పుకోవాలి. ఖర్చు చేసే ఎనర్జీకి తగ్గట్టు తినకపోతే శరీరం పవర్ సేవింగ్ మోడ్‌లోకి వెళ్తుంది. ఫోన్ బ్యాటరీ తగ్గితే బ్యాక్‌గ్రౌండ్ యాప్స్ ఆపేసినట్టు, శరీరం హార్మోన్లు, ఎముకల నిర్మాణం, పీరియడ్స్ లాంటివి తగ్గించేస్తుంది. అంతర్జాతీయ ఒలింపిక్ కమిటీ 2014లో దీనికి రెడ్-ఎస్ అని పేరు పెట్టింది. బరువు కేటగిరీ ఉండే లైట్‌వెయిట్ రోయర్లలో ఈ రిస్క్ ఎక్కువ. కానీ పొద్దున టీ తాగి, ఖాళీ కడుపుతో ఉరికి, లావవుతామని అన్నం తగ్గించే అమ్మాయిలు మన ఊళ్లలోనూ ఉన్నారు. నెలల తరబడి పీరియడ్స్ రాకపోతే "ఫిట్ అయ్యాను" అనుకోకండి, డాక్టర్‌కు చూపించండి.

వాచ్‌లోని సైకిల్ ట్రాకింగ్ ఇక్కడ నిజంగా పనికొస్తుంది. పీరియడ్స్‌కు ముందు రెండు వారాల్లో రెస్టింగ్ హార్ట్ రేట్ కొన్ని బీట్స్ పెరగడం మామూలే. అది తెలియని యాప్ "రికవరీ బాగాలేదు" అని భయపెడుతుంది. తెలిస్తే కంగారు ఉండదు.

ఏది కొనాలి, ఏది నమ్మాలి?

రన్నింగ్ కొత్తగా మొదలుపెడితే మొదట కొనాల్సింది మంచి షూస్. స్టాప్‌వాచ్ ఫోన్‌లోనే ఉంది.

బడ్జెట్ స్మార్ట్‌వాచ్ ఉంటే రెస్టింగ్ హార్ట్ రేట్, నిద్ర గంటలు చూడండి. ఈ రెండింటి ట్రెండ్ నమ్మొచ్చు. ఎస్‌పీఓ2ను ఫిట్‌నెస్ స్కోర్‌గా చూడకండి.

జోన్ల ప్రకారం సీరియస్‌గా ట్రైన్ అవ్వాలంటే ఖరీదైన వాచ్ కంటే ఛాతీ బెల్ట్ మంచి కొనుగోలు. ఫోన్‌కే కనెక్ట్ అవుతుంది.

వీఓ2 మ్యాక్స్ కావాలంటే బిల్ట్-ఇన్ జీపీఎస్ ఉన్న వాచ్ తీసుకోండి, మ్యాక్స్ హార్ట్ రేట్‌ను సెట్టింగ్స్‌లో మీరే మార్చుకునే ఆప్షన్ ఉందో లేదో చూడండి.

వీటన్నిటికంటే ముందు ఒక రక్త పరీక్ష. మీ దగ్గర్లోని ప్రభుత్వ ఆసుపత్రిలో అడగండి. ఐరన్ మాత్రలు మాత్రం సొంతంగా మింగొద్దు, డోస్ డాక్టర్ చెప్పాలి. భోజనంతో పాటు టీ తాగితే ఐరన్ సరిగా ఒంటబట్టదు, నిమ్మకాయ, జామకాయ లాంటి విటమిన్ సీ ఉన్నవి తింటే బాగా ఒంటబడుతుంది.

చివరగా

డాక్టర్ సలహా మీద చెల్లి నెల రోజులు పరుగు ఆపేసి నడిచింది. మాత్రలు వేసుకుంది, భోజనం తర్వాత టీ మానేసింది. మూడు నెలల తర్వాత హిమోగ్లోబిన్ 11.6. ఇంకా 12 రాలేదు. కానీ అదే జాగింగ్‌కు హార్ట్ రేట్ 150 లోపే ఉంటోంది. వారంలో నాలుగు రోజులు మెల్లగా, ఒక రోజు గట్టిగా. మొన్న గ్రౌండ్‌లో 800 మీటర్లు 4 నిమిషాల 52 సెకన్లు. స్క్రీన్‌షాట్ పంపి కింద ఒకటే రాసింది: "అన్నా, ఈసారి గ్రాఫ్ అమ్మకు సూపియ్యి".

ఆ వాచ్ ఎస్‌పీఓ2 రీడింగ్ ఎంత అంటారా? ఇప్పుడూ 98 శాతమే.